బండ మీద అడుగు

నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్లు వస్తుంటాయి. చేసేవాళ్లంతా కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు. గొంతు బాగా తగ్గించి మాట్లాడతారు. ఎవరి ఇంటి ముందో, చెప్పులు విడిచిన చోట నిలబడి ఉన్నారని ఆ గొంతును బట్టే తెలిసిపోతుంది. వెనక నుంచి ఏడుపులు వినిపిస్తుంటాయి. "సార్, ఎప్పుడు అడగమంటారు?" అంటారు. ఎలా అడగాలని మాత్రం ఒక్కరూ అడగరు. ఎలా అన్నది ట్రైనింగులో చెప్పేస్తారు. ఎప్పుడు అన్నది చెప్పేవాళ్లు లేక నా దగ్గరికి వస్తారు.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. ఏలూరులో ఒక కంటి ఆస్పత్రి వారి ఐ బ్యాంకులో కౌన్సెలర్‌గా చేసి రిటైరయ్యాను. పేరు గంభీరంగా ఉంటుంది గానీ, చేసే పని ఒక్కటే. మనిషి పోయిన ఇంటికి వెళ్లి, ఆ మనిషి కళ్లు ఇవ్వమని అయినవాళ్లను అడగడం. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు తీసుకోవాలి. ఆ తర్వాత ఎంత మంచి మనసుతో ఇస్తామన్నా తీసుకుని ప్రయోజనం ఉండదు. ముందుగా అడిగితే రాబందువి. ఆలస్యంగా అడిగితే దండగమనిషివి. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒక సన్నటి సందు ఉంటుంది. మనం అందులోంచి దూరి వెళ్తే, మనకు ఎన్నడూ పరిచయం కాని ఎవరో ఒకరు తన కంచంలో ఉన్నదేమిటో చూసుకుని అన్నం తింటారు. దూరలేకపోతే తడుముకుని తింటారు. అంతే తేడా.

ఇంత సున్నితమైన పనికి నన్నెవరు ఎంచుకున్నారా అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. మాది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టు. బస్తాల మధ్యే పెరిగాను. కానీ నాలో ఒక లోపం ఉంది. నాకు బేరం ఆడటం సరదా, అమ్మడం కాదు. వచ్చిన మనిషిని అటు తిప్పి ఇటు తిప్పి, ఆయన "సరేలెండి, కాటా వేయండి" అనేసరికి నాకు నీరసం వచ్చేసేది. మళ్లీ మొదటికి తెచ్చేవాణ్ని. ఆయన విసుక్కుని పక్క కొట్టుకి పోయేవాడు. "వీడు ఉల్లిపాయలు అమ్మటం లేదే, ఆట ఆడిస్తున్నాడు" అని నాన్న అమ్మకు చెప్పి, తెలిసినవాళ్లను పట్టుకుని ఏలూరు ఆస్పత్రిలో సామాన్లు కొనే గుమాస్తాగా వేయించారు. కొనే కుర్చీలో కూర్చుంటే నా జబ్బే గుణమైపోయింది. ఒకరోజు దూది సప్లై చేసే ఆయనతో నేను బేరం చేస్తుంటే, మా పెద్ద డాక్టరు గారు తలుపు దగ్గర నిలబడి చివరిదాకా విన్నారట. ఆ దూదాయన వెళ్లాక, "అంత గట్టిమనిషి నీతో నవ్వుతూ వెళ్లాడయ్యా. ఏడుస్తున్నవాళ్ల దగ్గరికి పంపితే ఏం చేస్తావో చూద్దాం" అన్నారు. అలా కౌన్సెలర్నయ్యాను.

రోజూ గూడెం నుంచి ఏలూరు రైల్లో వెళ్లొచ్చేవాణ్ని. కొట్టు వెనకే మా ఇల్లు. బయటికి వెళ్లాలన్నా లోపలికి రావాలన్నా కొట్లోంచే దారి. కాబట్టి ఉద్యోగం మారినా పాఠశాల మారలేదు.

ఆ పాఠశాలలో నాన్న చెప్పిన పెద్ద పాఠం బండ గురించి. మా కొట్టుకి ముందు అరుగు, అరుగు దిగితే మురుగుకాలవ, కాలవ మీద ఒక నాపరాతి బండ, బండ దాటితే రోడ్డు. ధర నచ్చని మనిషి లేచి వెళ్లిపోతుంటాడు. ఆయన్ని ఎప్పుడు వెనక్కి పిలవాలన్నదే విద్యంతా. "అరుగు మీద ఉండగా పిలిచావనుకో, మనకి ఆత్రం అని తెలిసిపోద్ది. రోడ్డెక్కాక పిలిచావనుకో, అతనికి పంతం వచ్చేస్తది. బండ మీద అడుగు పడగానే పిలవాలి. అక్కడ మనిషి అటూ కాదు, ఇటూ కాదు" అనేవారు నాన్న. పిలుపు కూడా ఎప్పుడూ ఒకటే. "ఏవండీ, ఒక్క మాట!" ధర ఊసు ఎత్తేవారు కాదు. అంత రద్దీ బజారులోనూ ఆ పిలుపు తాను పిలిచిన మనిషి చెవిలోనే పడేది. వెనక్కి వచ్చిన మనిషిని ముందు మంచినీళ్లు తాగమనేవారు.

నేను ఈ విద్యను తిరగేసి నా ఉద్యోగానికి తెచ్చుకున్నాను. నా పనిలో నేనే అడిగేవాణ్ని, నేనే లేచి వెళ్లేవాణ్ని. చెప్పాల్సింది మెల్లగా చెప్పి, "మీరు ఆలోచించుకోండి, బలవంతం ఏమీ లేదండీ" అని లేచి, చెప్పులు వేసుకోవడంలో కాస్త తాత్సారం చేసేవాణ్ని. సాధారణంగా గుమ్మం దాటేలోపు ఎవరో ఒకరు పిలిచేవారు. పిలిచి ఇచ్చినవాళ్లకు తర్వాత మనసులో పీకులాట ఉండదు. మేం లాక్కున్నామని అనుకోరు. ఈ పద్ధతి నాకు ఎంత బాగా పని చేసిందంటే, నాకు కొంచెం పొగరు కూడా వచ్చింది.

ఆ పొగరు కొల్లేట్లో మునిగింది.

నాతో పాటు కేసులకు వచ్చే టెక్నీషియన్ ఒకావిడ ఉండేవారు. నేను అడగడం వరకే. కంటి మీది పల్చటి పొరను తీసి, మందు సీసాలో పెట్టి, ఐసు పెట్టెలో భద్రం చేయడం ఆవిడ పని. ఏలూరులో మిషను కాంపౌండులో పెరిగారు. ఇంట్లో అందరూ టీచర్లే కాబట్టి నేను "పంతులమ్మగారూ" అని ఏడిపించేవాణ్ని. ఆవిడ నన్ను "షావుకారు గారూ" అనేవారు. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ నోరు మెదిపేవారు కాదు. బయటికి వచ్చాక మాత్రం నాకు మార్కులు వేసేవారు.

భీమడోలు దిగువన కొల్లేరు లంక ఊరొకదాంట్లో పెద్దావిడ పోయారని, ఆ ఊళ్లో మందులిచ్చే ఆయన ఫోను చేశాడు. కారు మాట్లాడుకుని వెళ్లాం. చేపల చెరువుల గట్ల మీదుగా దారి. రెండు పక్కలా నీళ్లు, గట్టు మీద కొంగలు, మేత బస్తాల వాసన. ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. పెద్దావిడను హాల్లో పడుకోబెట్టారు. ఎండ మండిపోతోంది. ఫ్యాను ఆగి ఉంది. కరెంటు పోయిందనుకున్నాను.

కొడుకు నెమ్మదస్తుడు. అంతా విన్నాడు. "మా వాళ్లతో ఒకమాట అనుకోవాలండీ" అన్నాడు. అప్పుడే అరుగు దిగినట్టు లేచాను. "మంచిదండీ, అనుకోండి" అని బయటికి వచ్చాను. చావింట్లో వెళ్లొస్తామని చెప్పకూడదు కదా, చెప్పలేదు. చెప్పుల దగ్గర ఆగాను. షామియానా కింద ఆగాను. గట్టు మీద చాలా నెమ్మదిగా నడిచాను. పంతులమ్మగారు పెట్టె పట్టుకుని నా వెనకే వస్తున్నారు. ఎవరూ పిలవలేదు. గట్టు చివర కారు దగ్గర కూడా కాసేపు నిలబడి చేపల చెరువు అందం చూశాను. నాకు చేపలంటే ఏ ఆసక్తీ లేదు.

కారు మమ్మల్ని భీమడోలు స్టేషన్లో దింపేసి వెళ్లిపోయింది. పెట్టె నిండితే కార్లో, ఖాళీ అయితే రైల్లో. అదీ మా ఆఫీసు పొదుపు. పాసింజరు లేటు. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఆవిడ, నేను, మధ్యలో పెట్టె. చాలాసేపటికి నా ఫోను మోగింది. ఆ ఇంటి కోడలు. కార్డు ఇచ్చి వచ్చాం కాబట్టి నంబరు ఉంది.

"మా అత్తగారిని తీసుకెళ్లిపోయారండీ," అంది. గొంతు బొంగురుపోయి ఉంది. "మీరు మళ్లీ వస్తారేమోనని చూశామండి."

"మీరు పిలుస్తారని మేమూ చూశామమ్మా."

"అయ్యో, ఎలా పిలుస్తామండీ? బయల్దేరిన మనుషుల్ని వెనక నుంచి పిలవకూడదు కదండీ. అందులోనూ చావింటి నుంచి! ఫోను చేసినా వెనక నుంచి పిలిచినట్టే కదండీ. మీకేమైనా అయితే ఎవరిదండీ పాపం? ఇద్దామనే మావారు అన్నారండీ. ఒకమాట అనుకుని వచ్చేసరికి మీరు గట్టెక్కేశారు. మా అత్తగారు టీవీలో చూసి, నావి ఇచ్చెయ్యండే అన్నారండీ. ఫ్యాను గాలి తగిలితే పాడవుతాయన్నారని, పొద్దున్నే ఫ్యాను నేనే ఆపేశానండీ."

ఫోను పెట్టేశాక చాలాసేపు పట్టాలు చూస్తూ కూర్చున్నాను. నేను మర్యాద కోసం లేచాను. వాళ్లు మర్యాద కోసం పిలవలేదు. ఇద్దరి మర్యాదా కలిసి రెండు కళ్లు పోగొట్టింది. మర్యాదలకి పేరుపడ్డ మా జిల్లాలోనే జరగాల్సిన తప్పు అది. వెనక నుంచి పిలవకూడదన్న పట్టింపు మా బజారులో లేదు. ఉంటే ఒక్క బస్తా కూడా అమ్ముడుపోదు. కానీ బజారు బయట ప్రపంచమంతా అదే పట్టింపు మీద నడుస్తోందన్న సంగతి నాకు తట్టలేదు.

"షావుకారు గారూ," అన్నారు పంతులమ్మగారు కాసేపయ్యాక, "ఇవాళ మార్కులు వేయమంటారా?"

"వద్దండీ."

"మా తాతగారు పాస్టర్లు అవబోయేవాళ్లకి గ్రీకు భాష చెప్పేవారు. కాలానికి వాళ్లకి రెండు మాటలట. ఒకటి క్రోనోస్. అంటే గడియారంలో తిరిగేది. ఇదిగో, ఈ రైలు లేటు లాంటిది. రెండోది కైరోస్. అది గడియారానికి దొరకదు. అదను అన్నమాట."

"అదను అంటే నాట్లకి, విత్తనాలకే అనుకున్నాను."

"అన్నిటికీనట. బాణం వేసేవాడికి ఎదుట గోడలో సందు కనపడే క్షణం. మగ్గం మీద పడుగు దారాలు విడి పేక దారం దూరే క్షణం. మన ఏలూరు తివాచీలవాళ్లని చూశారుగా, ఆ క్షణం దాటితే దారాలు మళ్లీ మూసుకుపోతాయి. ఆ అదనుకి వాళ్లు బొమ్మ కూడా చెక్కారట. కుర్రాడు. కాళ్లకి రెక్కలు. చేతిలో కత్తి అంచు మీద నిలబెట్టిన తక్కెడ."

"తక్కెడ పట్టుకున్నాడా? అయితే మా బజారువాడేనండీ."

ఆవిడ నవ్వారు. ఆ రోజు మొదటి నవ్వు. "పూర్తిగా వినండి. నుదుటి మీద పొడవాటి జుట్టు. వెనక బోడి. ఎదురొస్తున్నప్పుడు జుట్టు పట్టుకోవాలి. దాటిపోయాక చెయ్యి వేస్తే జారిపోతుంది. మీ గట్టు మీద జరిగిందదే."

బేరగాణ్ని కదా, అంత తొందరగా ఒప్పుకోబుద్ధి కాలేదు. "వెనక జుట్టు లేదు సరేనండీ. చెవులుంటాయి కదా. పిలిస్తే వినడా?"

"గ్రీకువాళ్లకి ఆ అనుమానం వచ్చినట్టు లేదండీ. మీ నాన్నగారిని అడగండి."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి నిజంగానే అడిగాను. నాన్న ఒక ఉల్లిపాయను ఎత్తి పట్టుకుని, ఎడమ కన్ను చికిలించి, దాని మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తున్నారు. సరుకు నిలవ ఉంటుందో లేదో ఆయన అలాగే చెప్పేవారు. తల తిప్పకుండానే, "బండ దాటకపోతే వింటాడు," అన్నారు.

పంతులమ్మగారు చెప్పిన ఆ గ్రీకు మాట తర్వాత నేను చాలాచోట్ల విన్నాను. కొన్నాళ్లకి ఏలూరులోనే ఒక హోటల్లో మాకు ట్రైనింగు పెట్టారు. నగరం నుంచి వచ్చిన ఒకాయన తెర మీద బొమ్మలు వేసి 'కైరోస్' అని ఇంగ్లీషులో రాసి, వ్యాపారంలో, ఉపన్యాసంలో, వైద్యంలో, చివరికి భార్యను సెలవు అడగడంలో కూడా అది ఎలా వాడాలో చెప్పాడు. మంచిగానే చెప్పాడు. నేను నోట్సు రాసుకున్నాను. ఇప్పుడు ఆ విద్య సెల్‌ఫోన్లకు కూడా వచ్చేసింది. మన వేలు ఏ వస్తువు మీద రెండోసారి ఆగిందో కనిపెట్టి, మనం టీ తాగే వేళకి దాన్నే మళ్లీ చూపిస్తుంది. ఇదీ వెనక నుంచి పిలవడమే. కాకపోతే నాన్న అలా పిలిచిన మనిషిని, పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారని అడిగేవారు. ఫోనుకి ఆ అవసరం లేదు. దానికి ముందే తెలుసు.

కొల్లేరు తర్వాత నేను లేచి వెళ్లే నాటకం మానేశాను. కానీ ఇంకొక బేరం మాత్రం తెగకుండా ఉండిపోయింది. నాన్నతో.

ఊరందరినీ అడిగేవాణ్ని, సొంత ఇంట్లో అడగకపోతే బాగోదు కదా. మాట ఇచ్చినట్టు సంతకం చేసే కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూసి, వెనక ఖాళీగా ఉందని ఉల్లిపాయల లెక్క వేసుకున్నారు. మరోసారి అడిగితే, "సరుకు ఇంకా వాడకంలో ఉందిరా. వాడకంలో ఉన్న సరుకుకి బేరం ఏంటి?" అన్నారు. మరోసారి, "ముందే ఒప్పేసుకుంటే నీకు చులకన. అదను చూసి అడుగు," అన్నారు. ఔనని గానీ కాదని గానీ అనేవారు కాదు. నాకూ అది సరదాగానే ఉండేది. ఇద్దరు బేరగాళ్లం. తెగితే ఆట అయిపోతుంది. అమ్మ లోపల వంట చేసుకుంటూ అంతా వింటూ ఉండేది. ఒక్కసారీ కల్పించుకోలేదు.

వేసవిలో ఒక ఉదయం నాన్న కొట్టు తలుపులు తీసి, కాటా తుడిచి, బస్తా మీద కూర్చున్నారు. మరి లేవలేదు.

ఇరుగుపొరుగు వచ్చి, బస్తాలు ఒక పక్కకి జరిపి కొట్లోనే చాప వేసి పడుకోబెట్టారు. ఇంట్లో అంతమంది పట్టరు. నా చేతులు నన్ను అడగకుండానే పని మొదలుపెట్టాయి. రెప్పలు సరిగ్గా మూశాయి. తల కింద దిండు పెట్టాయి. దూది తడిపి కళ్ల మీద వేశాయి. పైన ఫ్యాను ఆపాయి. అది ఎన్నో ఇళ్లల్లో చేసిన పని. చేసేశాక గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఇక అడగాలి. అడగాల్సింది అమ్మని. నా ఒక్కడి మాట మీద చేయించవచ్చు, కాయితానికి అది చాలు. కానీ అమ్మ వద్దనుకుంటుండగా ఆయన మీద చెయ్యి వేయించే ధైర్యం నాకు లేదు.

అమ్మ నాన్న తల దగ్గర కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఏడవని మనిషిని అడగకూడదు, ఇంకా లోపలికి దిగలేదని అర్థం. ఆగాను. బాబాయి వచ్చారు. వస్తూనే పైకి చూసి, "ఇదేంట్రా, మనుషులు ఉడికిపోతుంటే ఫ్యానాపేశారు!" అని వేసేశారు. ఆయన అటు తిరగగానే ఆపాను. ఎదురు కొట్టాయన వచ్చి వేశాడు. ఆపాను. ముఠా కూలీల మేస్త్రీ నాన్న కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చి, చెమట తుడుచుకుంటూ లేచి వేశాడు. ఆపాను. అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తున్న మనిషిని అడగకూడదు, మాట చెవికెక్కదు. ఆగాను. చెల్లెలు చింతలపూడి నుంచి బస్సులో వచ్చి నాన్న మీద పడింది. అలాంటప్పుడు అడిగే మాటే లేదు. ఆగాను. చెల్లెలు కాస్త తేరుకుంది. కానీ బాబాయి పక్కనే ఉన్నారు. ఆయన ముందు అడిగితే తగువు అవుతుంది. ఆగాను.

ఉల్లిపాయలు కొనడానికి వచ్చి ప్రతిదాన్నీ నొక్కి చూసి పక్కన పడేసేవాళ్లు కొందరు ఉంటారు. చివరికి వాళ్లు ఒట్టి సంచితో ఇంటికి పోతారు. ఆ పూట నేను ప్రతి క్షణాన్నీ అలా నొక్కి చూసి పక్కన పడేశాను. అదను గురించి అన్నీ తెలిసినవాడికి ఏ అదనూ నచ్చదని ఆ రోజే తెలిసింది. ఎండ అరుగు మీద నుంచి కొట్లోకి జరిగి వస్తోంది. గడియారం చూడక్కర్లేదు. నాన్న ఎండని బట్టే టైము చెప్పేవారు. ఆరు గంటల్లో సగం పైన అయిపోయింది.

కబురు తెలిసి పంతులమ్మగారు వచ్చారు. చేతిలో హ్యాండుబ్యాగు తప్ప ఏమీ లేదు. పెట్టె సందు చివర కార్లో ఉంటుందని నాకు తెలుసు. ఆవిడ పైన ఆగిన ఫ్యానుని చూశారు. దూది చూశారు. నన్ను చూశారు. నేను తల దించుకున్నాను. అమ్మ పక్కన కూర్చుని, అమ్మ చెయ్యి పట్టుకుని ఉండిపోయారు. ఒక్కమాట మాట్లాడలేదు. "మీరే అడగొచ్చు కదండీ ఆ రోజు?" అని తర్వాత నేనంటే, "నేను అడిగితే మీరు బతికినంతకాలం నా మీదకి నెట్టేసేవారండీ షావుకారు గారూ" అన్నారు. నిజమే.

కాసేపటికి ఆవిడ ఫోను బ్యాగులోనే వణికింది. చూసుకుని లోపల పెట్టేశారు. ఇంకో ఇంట్లో ఇంకో కేసు. అక్కడా గడియారం తిరుగుతుంటుంది. అమ్మ చెయ్యి నెమ్మదిగా వదిలి లేచారు. చావిల్లు కాబట్టి వెళ్లొస్తానని చెప్పలేదు. అరుగు మీద చెప్పులు వేసుకుని, అరుగు దిగారు.

నేను చూస్తూ కూర్చున్నాను. కొల్లేటి గట్టు మీద నేను ఎవరి పిలుపు కోసం అంత నెమ్మదిగా నడిచానో, ఇప్పుడు ఆ పిలవాల్సిన మనిషిని నేనే. చావింటి నుంచి బయల్దేరిన ఆడమనిషిని వెనక నుంచి ఎలా పిలుస్తాం? ఆ కోడలు ఆ రోజు గుమ్మంలో నిలబడి ఇలాగే చూసి ఉంటుంది.

"ఒరేయ్," అంది అమ్మ.

అమ్మ నన్ను చూడటం లేదు. వీధిలోకి చూస్తోంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ గుమ్మంలోంచి చూస్తున్నట్టే చూస్తోంది.

"ఆ అమ్మాయి బండ మీద కాలు పెట్టింది. పిలవరా."

"అమ్మా, ఇంట్లో ఇలా ఉంటే వెనక నుంచి…"

"ఇది కొట్టురా. పిలువు!"

పిలిచాను.

"ఏవండీ, ఒక్క మాట!"

అది నా గొంతు కాదు. నేను ఎప్పుడూ అలా పిలవలేదు. ఎదురు కొట్టాయన గబుక్కున లేచి నిలబడ్డాడు. మేస్త్రీ చేతిలో బీడీ పడిపోయింది. ఏడుస్తున్న చెల్లెలు తల ఎత్తి నాన్న వైపు చూసింది. బజారంతా ఒక్క క్షణం ఆగింది. బండ మీద ఒక కాలు, రోడ్డు మీదకి ఎత్తిన కాలు ఒకటి. పంతులమ్మగారు ఆగారు. వెనక్కి తిరిగారు.

అమ్మ అప్పుడు నా వైపు తిరిగింది. "పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు ఫ్యాను ఆపావో నేను చూడలేదనుకున్నావా? అడుగుతావేమో, అడుగుతావేమో అని చూస్తానే ఉన్నా. ఊళ్లో అందర్నీ అడుగుతావంట. ఇంట్లో నోరు రాలేదేం?"

బాబాయి అందుకున్నారు. "ఏంటొదినా ఇది? నిండు మనిషిని అలా పంపిస్తామా? వచ్చే జన్మకి…"

"మీ అన్నయ్యకి ఉన్న ఆస్తల్లా ఆ కళ్లేనయ్యా," అంది అమ్మ. "సరుకుని చూసినా, మనిషిని చూసినా ఆ కళ్లతోనే. ఆయన పెట్టుబడి అది. పెట్టుబడిని కాల్చి బూడిద చేస్తారా ఎవరైనా? ఆయనే లేచి అడిగితే ఏం చెప్తావు?"

బాబాయి కూడా బజారులో పుట్టినవారే. లేచి, ఎవరో అప్పుడే మళ్లీ వేసిన ఫ్యానుని తానే ఆపారు.

పంతులమ్మగారు అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. అమ్మ బేరం మొదలుపెట్టింది. అదే మాట వాడాలి, ఇంకో మాట లేదు.

"మొహం మారిపోదు కదమ్మా?"

"మారదండీ. తీశామని మీరే గుర్తుపట్టలేరు."

"ఎంతసేపు?"

"కాసేపేనండీ."

"ఆయనకి కంట్లో శుక్లాల ఆపరేషను అయ్యిందే, పనికొస్తాయా?"

"వస్తాయండీ."

"ఎవరికి పెడతారో చెప్తారా?"

"చెప్పకూడదండీ అమ్మగారూ."

అమ్మ కాస్త ఆలోచించింది. "అదీ మంచిదేలే. తెలిస్తే రోజూ పోయి చూస్తా," అంది. ఆ మాటతో అమ్మకి మళ్లీ ఏడుపొచ్చింది.

బస్తాల మధ్య దుప్పట్లు కట్టి చాటు చేశాం. అంతా అయ్యాక పంతులమ్మగారు పెట్టె తీసుకుని బయటికి వచ్చి, కాగితం మీద నా సంతకం కోసం దాన్ని కాటా పక్కన పెట్టారు. నాన్న ఆ ఉదయం తుడిచిన కాటా అది. సంతకం చేశాను. ఆవిడ ఏమీ చెప్పకుండా అరుగు దిగి, బండ దాటి, రోడ్డెక్కారు. అమ్మ చివరిదాకా చూసింది. ఈసారి పిలవమనలేదు.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. అమ్మ కూడా వెళ్లిపోయింది. తనవి ఇవ్వమని ఎవరితోనూ బేరం పెట్టకుండా, చాలా ముందుగా చెల్లెలితో చెప్పి ఉంచింది. నా మీద నమ్మకం లేక. కొట్టు బాబాయి వాళ్ల అబ్బాయి చూస్తున్నాడు. మునిసిపాలిటీ వాళ్లు వీధి పొడవునా కాలవ మీద సిమెంటు పలకలు వేసేశారు. ఇప్పుడు అరుగుకీ రోడ్డుకీ మధ్య బండ అంటూ ఏమీ లేదు. కొనేవాళ్లు బండి దిగకుండానే ధర అడిగి, బండి దిగకుండానే పోతున్నారు. ఎక్కడ పిలవాలో తెలియక మావాడు పాపం ఎవర్నీ పిలవడు. నేను మార్కెట్టుకి వెళ్లినప్పుడు, ఎవరైనా ఒక ఉల్లిపాయ ఎత్తి పట్టుకుని ఎడమ కన్ను చికిలిస్తే మాత్రం, ఏ ఊరి మనిషో తెలియకపోయినా, ఆయన బేరం ముగిసేదాకా పక్కన నిలబడి చూస్తాను. అలవాటు.

మొన్న ఇంకో ఫోను వచ్చింది. కొత్త కుర్రవాడు, మండవల్లి వైపు ఏదో ఊరు. అదే తగ్గించిన గొంతు.

"సార్, వచ్చి చాలాసేపైందండీ. పెద్దాయన పోయారు. అందరూ బాధలో ఉన్నారు. ఎప్పుడు అడగాలో తెలీటం లేదు సార్. కాసేపు బయటికి వచ్చేశాను."

"లోపల ఫ్యాను తిరుగుతోందా?"

నేను ముసలితనంతో ఏదో మాట్లాడుతున్నానని అనుకుని ఉంటాడు.

"లేదు సార్. కరెంటు పోయినట్టుంది."

"లైటు చూడు."

చూశాడు. "లైటు వెలుగుతోంది సార్."

"అయితే నాతో ఏం మాట్లాడుతున్నావయ్యా? ఫోను పెట్టేసి లోపలికి వెళ్లు."